మే నెలలో జైసల్మేర్ దగ్గర రాఫ్ట్ వేయాలి – గల్ఫ్‌లో కాంక్రీట్ చేసినవాళ్ళు చెప్పండి

ఎడారి_పోస్టింగ్
అందరికీ నమస్తే. ఉండేది కూకట్‌పల్లి, ఒక కాంట్రాక్ట్ కంపెనీలో సైట్ ఇంజనీర్‌ని. ఇన్నాళ్ళూ హైదరాబాద్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లే చేశాను. మొరం, షీట్ రాక్, శంకర్‌పల్లి వైపు వెళ్తే నల్లరేగడి, అంతకు మించిన నేల నేను చూడలేదు. ఇప్పుడు జైసల్మేర్ జిల్లాలో ఒక సోలార్ ప్లాంట్ కంట్రోల్ రూమ్, ట్రాన్స్‌ఫార్మర్ ఫౌండేషన్ల పని మా వాళ్ళకి వచ్చింది, నన్ను వెళ్ళమన్నారు. కంట్రోల్ రూమ్ రాఫ్ట్ (భవనం కింద మొత్తం పరిచే ఒకే ఫౌండేషన్ స్లాబ్) 24 మీటర్లకి 15 మీటర్లు, మందం 450 ఎంఎం, ఎం30 (28 రోజులకి 30 ఎంపీఏ బలం రావాల్సిన కాంక్రీట్). అంటే 160 క్యూబిక్ మీటర్ల పైన, ఒకే పోర్‌లో అయిపోవాలి. షెడ్యూల్ చూస్తే మే రెండో వారం.

ఆ పక్కనే ఉన్న ఫలోదీలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది, దేశంలో అదే రికార్డు. డ్రాయింగ్‌లో మాత్రం "హాట్ వెదర్ కాంక్రీటింగ్ ఐఎస్ 7861 ప్రకారం" అని ఇండియన్ స్టాండర్డ్ పేరు ఒక్క లైను రాసి వదిలేశారు. మెథడ్ స్టేట్‌మెంట్ (పని ఎలా చేస్తామో చెప్పే కాగితం) నేనే రాయాలి. ఎండ ఒకటే అయితే ఏదో ఒకటి చేయొచ్చు, కానీ అక్కడ దుమ్ము గాలి, బోరు నీళ్ళు ఉప్పు, నేల కూడా చవుడు అంటున్నారు. ఈ ఫౌండేషన్ పాతికేళ్ళు నిలబడాలి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

దమ్మామ్_రిటర్న్
తమ్ముడూ, మాది కరీంనగర్, ఇప్పుడు అల్వాల్‌లో ఉంటున్నా. సౌదీ తూర్పు తీరంలో చాలా ఏళ్ళు కాంక్రీట్ ఫోర్‌మన్‌గా చేశాను. ముందు ఒక్క మాట మనసులో పెట్టుకో. ఎండకి కాంక్రీట్ పాడవడం తక్కువ, ఎండకి గట్టిపడుతోందని మనవాళ్ళు పోసే నీళ్ళకి పాడవడం ఎక్కువ. ట్రక్కు వచ్చేసరికి స్లంప్ (పచ్చి కాంక్రీట్ ఎంత జారుగా ఉందో చెప్పే కొలత) పడిపోయి ఉంటుంది, లేబర్ "గట్టిగా ఉంది సార్, పారకి రావట్లేదు" అని అరుస్తారు, డ్రైవర్ వెనక్కి వెళ్ళి వాల్వ్ తిప్పుతాడు, అరనిమిషంలో నీ ఎం30 కథ ముగిసింది. క్యూబిక్ మీటర్‌కి 5 లీటర్లు అదనంగా పోస్తే స్లంప్ ఒక అంగుళం పెరుగుతుంది, బలం 1 ఎంపీఏ పైన తగ్గుతుంది అని పాత లెక్క. బలం సంగతి అలా ఉంచు, ఆ ఎక్కువైన నీళ్ళు ఆరిపోయాక మిగిలే సన్నటి దారుల్లోంచే తర్వాత ఉప్పు లోపలికి వెళ్తుంది. ఎడారి నేలలో అదే అసలు నష్టం.

మా దగ్గర ట్రక్కు నీళ్ళ వాల్వ్‌కి ప్లాంట్‌లోనే సీల్ వేసి పంపేవాళ్ళు, సైట్‌లో సీల్ తెగి కనిపిస్తే ట్రక్కు వెనక్కే. స్లంప్ పడితే క్యూసీ (నాణ్యత చూసే) కుర్రాడు అడ్‌మిక్స్చర్ (నీళ్ళు పెంచకుండా కాంక్రీట్‌ని జారుగా చేసే మందు) కొలిచి వేసి, డ్రమ్ము బాగా తిప్పించి, మళ్ళీ స్లంప్ చూసేవాడు. ప్రతి ట్రక్కు దగ్గరా థర్మామీటర్ గుచ్చేవాళ్ళు. గల్ఫ్ స్పెసిఫికేషన్లలో ఎక్కువగా 32 డిగ్రీలు హద్దు ఉంటుంది. 34 చూపించిన ట్రక్కుని కన్సల్టెంట్ మనిషి ఏ మొహమాటం లేకుండా గేటు బయటికి పంపేయడం ఎన్నోసార్లు చూశాను. మనవాళ్ళు "రెండు డిగ్రీలకే?" అంటారు. ఈరోజు రెండుకి ఒప్పుకుంటే రేపు నాలుగుకి ఒప్పుకుంటావు.

కొల్లూరు_ఇల్లు
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. కొల్లూరులో మాది 200 గజాల ప్లాట్, ఇదే ఏప్రిల్, మేలో ఫుటింగ్స్, ప్లింత్ బీమ్, దాని మీద గ్రౌండ్ స్లాబ్. ఎడారి కాకపోయినా ఇక్కడా మధ్యాహ్నం 42 ఉంటోంది. మా కాంట్రాక్టర్ పొద్దున 8కి మొదలుపెట్టి మధ్యాహ్నానికి అయిపోతుందంటున్నాడు. మీరు చెప్పేవి మాకూ వర్తిస్తాయా?

మేస్త్రీ_కొడుకు
వర్తిస్తాయి అన్నా, ఇల్లయినా అవే సూత్రాలు. నీకు విడిగా రాస్తాను, ముందు ఎడారి అన్న సంగతి కానివ్వు.

క్యూసీ_ఉప్పల్
ఐఎస్ 7861 మొదటి భాగంలో 40 డిగ్రీల పైన వాతావరణంలో చేసేదంతా హాట్ వెదర్ కాంక్రీటింగే. పోసేటప్పుడు కాంక్రీట్ వేడి కూడా 40కి మించకూడదు అంటుంది. అది కనీస హద్దు. నువ్వు మెథడ్ స్టేట్‌మెంట్‌లో 32 రాసుకో, కుదరకపోతే అమెరికన్ కోడ్‌లో లాగా 35 దగ్గర ఆగు.

32 ఎలా వస్తుందో లెక్క చూపిస్తాను, ఎందుకంటే చాలామంది సిమెంట్ వేడిగా ఉందని సిమెంట్ మీద పడతారు. క్యూబిక్ మీటర్‌కి సిమెంట్ 350 కిలోలు, 60 డిగ్రీల వేడిలో. కంకర, ఇసుక కలిపి 1850 కిలోలు, ఎండలో 45. నీళ్ళు 160 లీటర్లు, ట్యాంకులో 35. ఇలా కలిపితే కాంక్రీట్ 44 డిగ్రీల దగ్గర పుడుతుంది. ఇప్పుడు సిమెంట్‌ని కష్టపడి 10 డిగ్రీలు చల్లార్చావనుకో, కాంక్రీట్ ఒక డిగ్రీ చిల్లర మాత్రమే తగ్గుతుంది. కంకర, ఇసుక అదే 10 డిగ్రీలు తగ్గితే కాంక్రీట్ 6 పైన తగ్గుతుంది. బరువంతా అక్కడే ఉంది కదా. నీళ్ళలో సగం, అంటే 80 కిలోలు, ఐస్‌గా వేస్తే 44 కాస్తా 30కి వస్తుంది. కిలో ఐస్ కరగడానికే 80 కిలోకేలరీలు లాగుతుంది, అందుకే అంత తేడా. ఐస్ దొరక్కపోతే 5 డిగ్రీల చల్లనీళ్ళు, నీడలో ఉంచి 36కి తెచ్చిన కంకర, ఇసుక, ఈ రెండూ కలిసినా 31 వస్తుంది. కంకరలో తడి ఉంటే ఈ అంకెలు కొంచెం మారతాయి, అయినా ఏది ఎంత తగ్గిస్తుందో అర్థమవుతుంది.

మేడ్చల్_ఆర్ఎంసీ
ఉప్పల్ సార్ లెక్కకి ప్లాంట్ వైపు నుంచి కొన్ని. కంకర కుప్ప మీద షేడ్ నెట్ తప్పనిసరి. 20 ఎంఎం, 12 ఎంఎం కంకర మీద స్ప్రింక్లర్ పెడితే గాలికి నీళ్ళు ఆరుతూ కంకర చల్లబడుతుంది. పొడి గాలి ఉన్నచోట ఇది బాగా పని చేస్తుంది, ఎడారిలో ఇంకా బాగా. కానీ చల్లేది ఉప్పు బోరు నీళ్ళయితే మానెయ్, నీ చేతులతో నువ్వే కాంక్రీట్‌లో క్లోరైడ్ కలిపినట్టవుతుంది. తడి ఎంత ఉందో ప్రతి గంటా చూసి బ్యాచ్‌లో నీళ్ళు తగ్గించుకోవాలి. ఐస్ దిమ్మల్ని సన్నగా నలగ్గొట్టించు. డ్రమ్ము వదిలేటప్పటికి ఒక్క ముక్క కూడా మిగలకూడదు, మిగిలితే స్లాబ్‌లో అక్కడ గుంట.

అన్నిటికంటే ముఖ్యం ట్రయల్ మిక్స్. ఏసీ ల్యాబ్‌లో 27 డిగ్రీల దగ్గర రెండు గంటలు స్లంప్ నిలబడిన అడ్‌మిక్స్చర్ ఎండలో ముప్పావు గంటకే చేతులెత్తేస్తుంది. ట్రయల్ అక్కడే, ఆ సిమెంట్‌తో, ఆ ఇసుకతో, మధ్యాహ్నం పూట చెయ్. ఐఎస్ 4926 లోడింగ్ నుంచి 2 గంటల్లో ఖాళీ చేయమంటుంది. ఎడారిలో నేనైతే గంటన్నర రాసుకుంటా. సైట్‌లోనే బ్యాచింగ్ ప్లాంట్ పెడుతున్నారా?

ఎడారి_పోస్టింగ్
అవును సార్, గంటకి 30 క్యూబిక్ మీటర్ల ప్లాంట్ తీసుకెళ్తున్నాం. ఇసుక మాత్రం అక్కడ తిన్నెల్లో ఎంత కావాలంటే అంత ఉంది కదా, దూరం నుంచి తెప్పించడం ఎందుకని మా ప్రాజెక్ట్ మేనేజర్ అడుగుతున్నారు.

దమ్మామ్_రిటర్న్
వద్దంటే వద్దు. తిన్నె ఇసుక అరచేతిలో పోసుకుని చూడు, పిండిలా జారిపోతుంది. గాలికి దొర్లి దొర్లి గుండ్రంగా అరిగిపోయిన సన్న రేణువులు, అన్నీ దాదాపు ఒకే సైజు. దాన్ని తడపడానికే బోలెడు నీళ్ళు కావాలి. సౌదీలో చుట్టూ ఇసుకే ఉన్నా కాంక్రీట్‌కి క్రషర్ ఇసుక కడిగి వాడేవాళ్ళం, తిన్నె ఇసుక కలిపినా గ్రేడింగ్ సర్దడానికి కొంచెం మాత్రమే. నీకు హైదరాబాద్‌లో రోబో సాండ్ అలవాటే కదా, అక్కడా క్రషర్ చూసుకో. కంకర మీద అంటిన దుమ్ము కూడా కడగాలి.

తార్నాక_స్ట్రక్చర్స్
ఇప్పటిదాకా అందరూ పైనుంచి వచ్చే వేడి గురించే మాట్లాడారు. నేను కింద నుంచి వచ్చేదాని గురించి రాస్తాను, ఎందుకంటే ఎడారిలో ఫౌండేషన్లు పాడయ్యేది ఎక్కువగా అటువైపు నుంచే. వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న నేలలో నీళ్ళు పైకి ప్రయాణిస్తాయి. దీపం వత్తి నూనె పీల్చినట్టు కాంక్రీట్ కింది తడిని పీలుస్తుంది, పైన ఆ తడి ఆరిపోతుంది, ఉప్పు మాత్రం అక్కడే పోగవుతుంది. గల్ఫ్ తీరంలో సబ్ఖా అనే ఉప్పు మైదానాలు ఉంటాయి, దమ్మామ్ సార్‌కి బాగా తెలిసే ఉంటుంది. బుర్జ్ ఖలీఫా కింది నేల నీళ్ళలో క్లోరైడ్ 4.5 శాతం, సల్ఫేట్ 0.6 శాతం వరకు ఉన్నట్టు తేలింది, సముద్రపు నీళ్ళ కన్నా ఎక్కువ. అందుకే అక్కడ 3.7 మీటర్ల మందం రాఫ్ట్‌కి మంచి కాంక్రీట్ ఒక్కటే సరిపోతుందని వదిలేయలేదు, వాటర్‌ప్రూఫింగ్ చేశారు, ఇనుము తుప్పు పట్టకుండా కింద క్యాథోడిక్ ప్రొటెక్షన్ కూడా పెట్టారు. ఆ రాఫ్ట్ 12,500 క్యూబిక్ మీటర్లు, నాలుగు భాగాలుగా పోశారు.

నీ సైట్ అంత ఘోరంగా ఉండకపోవచ్చు, కానీ ఊహించుకోకు, మట్టి టెస్ట్ చేయించు. మట్టిలో సల్ఫేట్ 0.2 శాతం దాటితే ఐఎస్ 456 పట్టికలో రెండో తరగతిలో పడతావు, 2 శాతం దాటితే ఐదో తరగతి, అక్కడ క్యూబిక్ మీటర్‌కి సిమెంట్ 400 కిలోలు, సిమెంట్‌కి నీళ్ళ నిష్పత్తి 0.40, పైన కోటింగ్ కూడా అడుగుతుంది. రాజస్థాన్ జిప్సం గనులున్న రాష్ట్రం, జిప్సం అంటేనే సల్ఫేట్, తేలిగ్గా తీసుకోవద్దు.

ఇక్కడే చాలామంది పట్టు తప్పుతారు. సల్ఫేట్ అనగానే సల్ఫేట్ రెసిస్టింగ్ సిమెంట్ అని రాసేస్తారు. ఆ సిమెంట్‌లో సీ3ఏ (సల్ఫేట్ దాడి చేసే సిమెంట్ ఖనిజం) తక్కువ. సల్ఫేట్‌కి అది మంచిదే, కానీ క్లోరైడ్‌ని పట్టి ఉంచేది కూడా ఆ సీ3ఏనే. నేలలో రెండూ ఉంటే సిమెంట్ రాయి నిలుస్తుంది, లోపలి కడ్డీ తుప్పు పడుతుంది. ఐఎస్ 456 కూడా రెండూ కలిసి ఉన్నచోట సీ3ఏ 5 నుంచి 8 శాతం ఉన్న ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్ సిమెంట్) గానీ, 50 శాతం పైన స్లాగ్ (ఇనుము కొలిమిలో మిగిలే మడ్డి పొడి) ఉన్న సిమెంట్ గానీ వాడమంటుంది. నా ఓటు స్లాగ్‌కే. వేడి కూడా నెమ్మదిగా పుడుతుంది.

కవర్ (కడ్డీకి బయట ఉండే కాంక్రీట్ మందం) సంగతి: ఫుటింగ్‌కి ఐఎస్ ప్రకారం కనీసం 50 ఎంఎం, నువ్వు కింది వైపు 75 పెట్టు. కవర్ బ్లాకులు అదే గ్రేడ్ కాంక్రీట్‌తో చేయించు. రాయి ముక్కలు, గ్రానైట్ పలకలు పెట్టడం మన దగ్గర ఎక్కువగా చూస్తాను, ఉప్పు నేలలో ఆ పలక పక్కనుంచే తడి కడ్డీ దాకా పోతుంది.

ఎడారి_పోస్టింగ్
మేడమ్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, చాలా థ్యాంక్స్. సిమెంట్ విషయం మా డిజైన్ వాళ్ళకి రేపే మెయిల్ పెడతాను. పీసీసీ (రాఫ్ట్ కింద ముందు వేసే, స్టీల్ లేని పలచటి కాంక్రీట్) మీద పాలిథీన్ షీట్ వేయాలా? వేస్తే స్లాబ్ అంచులు పైకి లేస్తాయని మా సీనియర్ ఒకరు వద్దంటున్నారు.

తార్నాక_స్ట్రక్చర్స్
వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. కింద షీట్ ఉంటే నీళ్ళు కిందికి పోవు, అన్నీ పైకే రావాలి, పై పొర ముందు ఆరి ముడుచుకుంటుంది, అంచులు లేస్తాయి. కానీ అది 100, 150 ఎంఎం ఫ్లోర్ స్లాబ్‌లకి ఎక్కువ, 450 మందం, రెండు జాలీల స్టీల్ ఉన్న రాఫ్ట్‌కి పెద్ద సమస్య కాదు. ఉప్పు నేలలో షీట్ లేకుండా పోయడమే పెద్ద నష్టం. పలచటి షీట్ స్టీల్ కట్టేటప్పుడే చిరుగుతుంది కాబట్టి, టెస్ట్‌లో ఉప్పు ఎక్కువొస్తే పీసీసీ మీద బిటుమెన్ మెంబ్రేన్ వేసి, దాని మీద 50 ఎంఎం స్క్రీడ్ వేసి, ఆపైన స్టీల్ కట్టించు. రాఫ్ట్ పక్క అంచులకి కూడా ఆ మెంబ్రేన్ ఎక్కించాలి, చాలాచోట్ల అడుగున వేసి పక్కలు వదిలేస్తారు.

మేస్త్రీ_కొడుకు
కొల్లూరు అన్నా, ఇప్పుడు నీ సంగతి. మా నాన్న బోడుప్పల్ వైపు ఇళ్ళు కట్టేవాడు, ఎండాకాలం స్లాబ్ ఎప్పుడూ సాయంత్రమే మొదలుపెట్టేవాడు. పొద్దున 8కి మొదలుపెడితే నువ్వు చదును చేసే టైముకి పన్నెండు అవుతుంది, పై పొర పెచ్చు కట్టేస్తుంది, కింద ఇంకా పచ్చిగా ఉంటుంది. అప్పుడు మేస్త్రీ మగ్గుతో నీళ్ళు చిలకరించి గజంబద్ద లాగుతాడు. చూడ్డానికి నున్నగా వస్తుంది, ఏడాదికి ఆ పై పొర పొడిలా లేస్తుంది. ఫుటింగ్ గుంటల్లో అయితే పోయడానికి ముందు పీసీసీని, పక్క మట్టిని తడపాలి, నీళ్ళు నిలవకూడదు. ఎండలో ఉన్న స్టీల్‌ని చేత్తో పట్టుకోలేవు, దాని మీదా నీళ్ళు కొట్టి చల్లార్చి పోయాలి.

గోనె సంచులు ముందే తెచ్చిపెట్టుకో, బేగంబజార్‌లో పాతవి దొరుకుతాయి. చక్కెర సంచులు, ఎరువు సంచులు అయితే బాగా ఉతికించు, చక్కెర తగిలితే సిమెంట్ గట్టిపడదు.

కొల్లూరు_ఇల్లు
చక్కెర సంగతి ఇప్పుడే వింటున్నా. సాయంత్రం మొదలుపెడదామని మా కాంట్రాక్టర్‌ని అడిగితే లేబర్ రాత్రి ఉండరు అంటున్నాడు, మరీ అయితే తెల్లవారుజామున 4కి మొదలుపెడదాం అంటున్నాడు. అది చల్లగానే ఉంటుంది కదా?

మేడ్చల్_ఆర్ఎంసీ
4 గంటలైతే మాకూ సులభమే, ఓఆర్ఆర్ మీద ట్రక్కులు చకచకా వచ్చేస్తాయి. పొద్దున పోర్ నాకు తప్పుగా అనిపించదు.

దమ్మామ్_రిటర్న్
నేను ఒప్పుకోను సార్. పోసేటప్పటి చల్లదనం ఒక్కటే చూస్తే ఎలా? తెల్లవారుజామున పోసిన కాంక్రీట్‌లో సిమెంట్ వేడి గట్టిగా పుట్టేది మధ్యాహ్నానికి, సరిగ్గా అప్పుడే పైన ఎండ. లోపలి వేడి, పైన ఎండ రెండూ ఒకే టైముకి కలుస్తాయి. రాత్రి 7కి మొదలుపెడితే ఆ వేడి రాత్రి చల్లటి గాలిలోకి పోతుంది, తెల్లారేసరికి పైన గోనె సంచి పరిచి ఉంటుంది. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో పని చేయించడమే నిషేధం. మనుషుల కోసం పెట్టిన రూల్ అది, న్యాయమైన రూల్. వడదెబ్బ తగిలే ఎండలో వైబ్రేటర్ పట్టుకున్నవాడు కాంక్రీట్‌ని సరిగ్గా కుదించలేడు. రాత్రి పని అంటే లైట్లు, జనరేటర్, లేబర్‌కి భోజనం, రెట్టింపు కూలీ, అన్నీ ముందే లెక్కలో వేసుకోండి. ఆ ఖర్చు ఫౌండేషన్ ఖర్చులో భాగమే.

మేడ్చల్_ఆర్ఎంసీ
మందం ఎక్కువున్న రాఫ్ట్‌కి మీ మాట నిజం. కొల్లూరు ఇంటి 150 ఎంఎం గ్రౌండ్ స్లాబ్‌కి 4 గంటలకి మొదలుపెట్టి 7 లోపల ముగించి, వెంటనే కప్పగలిగితే నడుస్తుంది. 8కి మొదలుపెట్టడం మాత్రం వద్దు.

క్యూసీ_ఉప్పల్
గాలి గురించి ఎవరూ రాయలేదు, ఎండ కన్నా గాలి ప్రమాదం. పోసిన మొదటి గంటల్లో పైనుంచి ఆరే నీళ్ళు చదరపు మీటర్‌కి గంటకి 1 కిలో దాటితే ప్లాస్టిక్ పగుళ్ళు (కాంక్రీట్ ఇంకా పచ్చిగా ఉండగానే వచ్చేవి) వస్తాయని అమెరికన్ కోడ్ హెచ్చరిస్తుంది. మధ్యాహ్నం 42 డిగ్రీలు, తేమ 15 శాతం, గాలి గంటకి 20 కిలోమీటర్లు, కాంక్రీట్ 38 డిగ్రీలు అనుకుంటే, ఆరేది 2.3 కిలోలు. అదే ఎండ, అదే గాలిలో కాంక్రీట్‌ని 30కి తెచ్చినా 1.4, ఇంకా హద్దు పైనే. రాత్రి 32 డిగ్రీలు, తేమ 35 శాతం, గాలి 8 కిలోమీటర్లు, కాంక్రీట్ 30 అయితే 0.6. ఐస్ ఒక్కటే సరిపోదని ఇక్కడే తేలిపోతుంది. గాలి వచ్చే వైపు గ్రీన్ నెట్ గానీ, రేకులు గానీ మనిషి ఎత్తుకి మించి కట్టించు. నెట్ కట్టడానికి పైపులు ముందురోజే పాతి ఉండాలి. పోర్ మధ్యలో గాలి లేచాక ఎవరూ కట్టలేరు.

సిలికా ఫ్యూమ్ (సిమెంట్ కన్నా చాలా సన్నటి సిలికా పొడి) వేస్తున్నావా? వేస్తే కాంక్రీట్ పైకి నీళ్ళు దాదాపు వదలదు, ఆరేదాన్ని పూడ్చడానికి ఏమీ ఉండదు, పగుళ్ళు ఇంకా త్వరగా వస్తాయి. అప్పుడు సన్నటి పొగమంచులా నీళ్ళు చల్లే నాజిల్ తప్పనిసరి. హోస్ పైపుతో కొట్టడం కాదు, అది మళ్ళీ నీళ్ళు కలపడమే.

కొల్లూరు_ఇల్లు
మా పక్క ప్లాట్‌లో గతవారం వేసిన స్లాబ్ మీద సాయంత్రానికే వంకరటింకర గీతలు, మూరెడు పొడవున్నవి, ఇంచుమించు ఒకదానికొకటి వరసగా. వాళ్ళ మేస్త్రీ సిమెంట్ పాలు పోసి చీపురుతో రుద్దేశాడు. ఇది ప్లాస్టిక్ పగుళ్ళేనా? పాలు పోస్తే సరిపోతుందా?

మేస్త్రీ_కొడుకు
అవే అన్నా. గట్టిపడకముందు కనిపిస్తే చెక్క తాపీతో గట్టిగా రుద్దితే, లోతుగా ఉంటే ఆ చోట మళ్ళీ వైబ్రేటర్ పెడితే మూసుకుపోతాయి. గట్టిపడ్డాక పాలు పోస్తే పైన గీత కనపడదు, లోపల పగులు అలాగే ఉంటుంది. ఇల్లు కూలదు, టెన్షన్ పడకండి, కానీ ఆ పగులు పూర్తి లోతు ఉంటే స్టీల్ దాకా చెమ్మ పోతుంది. మీ స్లాబ్ రోజు ఒక మనిషిని వేరే పని చెప్పకుండా కేవలం పగుళ్ళు చూడ్డానికి పెట్టండి.

ఎడారి_పోస్టింగ్
అందరి మాటలు కలిపి ఇలా రాశాను. సాయంత్రం 7కి మొదలు, గంటకి 30 క్యూబిక్ మీటర్లు అనుకుంటే ఆరు గంటల లోపు, ఆటంకాలు కలుపుకుని రాత్రి 2. ఐస్ సగం. పడమర, దక్షిణం వైపు గాలి తెర. మెంబ్రేన్, 75 కవర్. క్యూరింగ్ (పోశాక కాంక్రీట్‌ని తడిగా ఉంచడం) దగ్గర ఆగిపోయాను. అక్కడ నీళ్ళు కాలువ నుంచి ట్యాంకర్లలోనే రావాలి, రోజుకి ఎన్ని ట్యాంకర్లని అడగను? మా వాళ్ళు క్యూరింగ్ కాంపౌండ్ (తడి ఆరకుండా పైన పొరలా కొట్టే మందు) కొట్టేసి వదిలేద్దాం అంటున్నారు.

దమ్మామ్_రిటర్న్
కాంపౌండ్ కొట్టు, దాన్ని మాత్రమే నమ్ముకోకు. తెల్ల రంగుది తీసుకో, ఎండని వెనక్కి కొడుతుంది, ఎక్కడ కొట్టలేదో కంటికి కనిపిస్తుంది. కాలమ్ స్టార్టర్లు (రాఫ్ట్ మీద కాలమ్‌లు మొదలయ్యే చోట్లు) ఉన్నచోట కొట్టకు, తర్వాత పోసే కాంక్రీట్ అంటుకోదు. పై పొర కొంచెం గట్టిపడగానే తడి గోనె పట్టా, దాని మీద తెల్ల పాలిథీన్, అంచుల మీద ఇసుక బస్తాలు. ఇలా కప్పితే నీళ్ళు ఎగిరిపోవు, మడులు కట్టి నిలబెట్టేదానికన్నా చాలా తక్కువ ట్యాంకర్లతో పని జరుగుతుంది. పట్టా ఎత్తి చూస్తే చేతికి తడి అంటాలి, ఎప్పుడు చూసినా. ఒకసారి ఆరి మళ్ళీ తడిసే క్యూరింగ్ కన్నా పాపం ఇంకోటి లేదు.

ఇంకొకటి. నల్ల ట్యాంకులో ఉన్న నీళ్ళయినా, అప్పుడే వచ్చిన చల్లనీళ్ళయినా వేడి స్లాబ్ మీద ఒక్కసారి కొట్టకూడదు. కాంక్రీట్‌కి, నీళ్ళకి తేడా 11 డిగ్రీలు దాటితే పై పొర ఝల్లుమని ముడుచుకుని సన్న పగుళ్ళు వస్తాయి.

తార్నాక_స్ట్రక్చర్స్
ఎన్ని రోజులంటే, ఐఎస్ 456 ప్రకారం ఓపీసీకి మామూలుగా 7 రోజులు, వేడి పొడి వాతావరణంలో 10కి తగ్గకూడదు. స్లాగ్ గానీ ఫ్లై యాష్ గానీ ఉంటే 14 దాకా పొడిగించమంటుంది. నువ్వు 14 రాయి. స్లాగ్ కాంక్రీట్ మొదట్లో నెమ్మది, మొదటి వారంలో ఆరబెడితే దాని మంచి గుణమేదీ నీకు దక్కదు, పై 50 ఎంఎం బలహీనంగా మిగిలిపోతుంది, ఉప్పు వచ్చేది ఆ 50 ఎంఎం లోంచే.

ట్రాన్స్‌ఫార్మర్ ఫౌండేషన్ మందం మీటరు దాటితే విడిగా చూడు. లోపల వేడి 70 డిగ్రీలు దాటకూడదు, దాటితే ఏళ్ళ తర్వాత లోపల ఎట్రింగైట్ అనే ఉబ్బే స్ఫటికం పెరిగి కాంక్రీట్‌ని చీలుస్తుంది. లోపలికి, పైకి తేడా 20 డిగ్రీల లోపల ఉంచు. మధ్యలో ఒకటి, పైన ఒకటి వేడి కొలిచే థర్మోకపుల్ వైర్ పెట్టి పోయించు, ఖర్చు ఎక్కువ కాదు. అక్కడ రాత్రి గాలి చల్లగా ఉంటుంది కాబట్టి పైన కప్పు తీయడానికి తొందరపడొద్దు.

దమ్మామ్_రిటర్న్
మేడమ్ చెప్పిన ఉప్పు ఎక్కడ తింటుందో నేను కళ్ళారా చూశాను. అక్కడ పాత కాంపౌండ్ గోడలు, కాలమ్‌లు నేలలోపల తవ్వి చూస్తే బాగానే ఉంటాయి, పైన మనిషి ఎత్తులోనూ బాగుంటాయి. నేలకి జానెడు, మూరెడు పైన ఉన్న పట్టీలో మాత్రం రంగు పొరలు పొరలుగా లేచి, కింద తెల్లటి ఉప్పు, వేలితో గీకితే ప్లాస్టర్ పిండిలా రాలుతుంది, ఇంకొంచెం గీకితే తుప్పు రేకు. తడి ఆరేది అక్కడే, ఉప్పు పోగయ్యేది అక్కడే. కాబట్టి తమ్ముడూ, బ్యాక్‌ఫిల్లింగ్ లోపు కోటింగ్‌ని నేల లెవెల్ దగ్గర ఆపకుండా కనీసం ఒక అడుగు పైదాకా తీసుకెళ్ళు. డ్రాయింగ్‌లో నేల లెవెల్ దగ్గరే ఆపి ఉంటారు, మార్పించు. బ్యాక్‌ఫిల్లింగ్‌కి కూడా ఆ చవుడు మట్టే తోసేయకుండా మంచి మట్టి తెప్పించు.

ఎడారి_పోస్టింగ్
డ్రాయింగ్ తీసి చూశాను సార్, మీరన్నట్టే నేల లెవెల్ దగ్గరే ఆపారు. రాసి పంపుతాను. చివరిగా ఒకటి, కాలువ నీళ్ళు అని ట్యాంకర్ వాడు చెప్పడమే తప్ప నేనెలా నమ్మను? దారిలో బోరు నీళ్ళు కలిపితే?

క్యూసీ_ఉప్పల్
కలుపుతారు, ఎండాకాలం ఇక్కడ మన దగ్గరే కలుపుతారు. చేతిలో పట్టే టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాలు చూపే) మీటర్ ఒకటి కొనుక్కో, ప్రతి ట్యాంకర్ నుంచి ఒక మగ్గు పట్టి చూడు. మొదట పూర్తి ల్యాబ్ టెస్ట్ చేయించిన నీళ్ళకి ఎంత రీడింగ్ వచ్చిందో రాసి ఉంచు, దానికన్నా బాగా ఎక్కువ చూపిస్తే ట్యాంకర్ తిప్పి పంపు. ల్యాబ్ రిపోర్ట్‌లో చూడాల్సినవి: పీహెచ్ 6కి తగ్గకూడదు, స్టీల్ ఉన్న కాంక్రీట్‌కి క్లోరైడ్ లీటర్‌కి 500 మిల్లీగ్రాములు, సల్ఫేట్ 400, కరిగిన లవణాలు 3000 దాటకూడదు. నీళ్ళు, ఇసుక, అడ్‌మిక్స్చర్, అన్నిట్లోంచి వచ్చే క్లోరైడ్ కలిపి క్యూబిక్ మీటర్ కాంక్రీట్‌లో 0.6 కిలో మించకూడదు. ఐస్ ఫ్యాక్టరీ నీళ్ళకి కూడా ఇదే టెస్ట్ చేయించు, దాన్ని అందరూ మర్చిపోతారు. క్యూరింగ్‌కీ అవే నీళ్ళు, దానికి బోరు నీళ్ళు చాలు అని ఎవరన్నా ఒప్పుకోకు. మట్టి, నీళ్ళ శాంపిళ్ళు వచ్చాక రిపోర్ట్ ఇక్కడ పెట్టు, మిక్స్ చూద్దాం.